ఊ కొట్టిన సారు

చంపింది మీరే. పక్కకు చూడకండి, మిమ్మల్నే అంటున్నది. ఇన్ని ఆదివారాలు మీ టీవీ సీరియల్లో ఆ పిల్లను గెంతించి, నవ్వించి, జడలో కాగితం పూలు గుచ్చి, ఇవాళ సాయంత్రం ఆఖరి భాగంలో జ్వరం తెప్పించి చంపుతున్నామని వారం ముందు నుంచే టముకు వేసుకున్నారు. కథ రాసినవాళ్లు, కెమెరా పట్టినవాళ్లు, ఏడుపు పాట కట్టినవాళ్లు, ఇంతమందిలో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, ఆ పిల్ల నిజంగా చచ్చిందా అని అడగాలని తోచలేదు. అడిగితే చెప్పేవాళ్లం. చావలేదు. భద్రాచలం అడవి అంచున, గిరిజన బాలికల హాస్టల్ హాల్లో, గోడకు వీపు ఆనించి, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, మీరు తనను ఎలా చంపుతారో చూద్దామని కూర్చుని ఉంది. మీరు పిలిచే పేరు మల్లిక. కన్నవాళ్లు పెట్టిన పేరు జంపక్క.

ఒళ్లో మనవరాలి ఒళ్లు పెనంలా కాలుతోంది. దాని పేరు కూడా మల్లికే, అదొక విడ్డూరం. బళ్లో వేసిన రోజున పంతులమ్మ, ఇంట్లో పిలిచే పేరు తనకు నోరు తిరగడం లేదని, తనకిష్టమైన పిల్లల పుస్తకంలోంచి ఒక పేరు తీసి రిజిస్టర్లో ఎక్కించింది. ఆ పుస్తకంలో పిల్ల ఈ పిల్ల అమ్మమ్మేనంటే నవ్వింది. పొద్దుటి నుంచి చలి, వణుకు, ఒక వాంతి. వార్డెన్ ప్రమీలారాణి మేడం కబురు పెడితే నర్సు నాగలత గాజుపలకా సూదీ పట్టుకుని వచ్చింది. పిల్ల రెండు చేతులూ చంకల్లో దాచేసింది.

"వేలు ఇయ్యే బిడ్డా. చీమ కుట్టినట్టుంటది, గంతే."

"ఇయ్య. టీవీల మల్లికకు వేలు గుచ్చినంకనే పానం బాగలేకుంట అయింది. పోయిన వారం చూపెట్టిండ్రు."

"అది సీరియల్ కదనే, పిచ్చిదానా."

"నా పేరు గూడ మల్లికనే కద."

నాగలత దాని చెయ్యి బయటికి లాగింది. పట్టుకుని గుచ్చబోతే పిల్ల మేకపిల్లలా తన్నుకుంది, కళ్లు తేలేసింది. నాగలత సూదిని వెనక్కి తీసి, జంపక్కను పక్కకు పిలిచి, గొంతు తగ్గించింది. "ఇది మామూలు జ్వరమా, తలకెక్కే జ్వరమా, రక్తం చూస్తెనే తెలుస్తది అక్కా. తలకెక్కేదైతే రాత్రికి రాత్రి పిల్ల చేతికి రాదు. ఆఖరి బస్సు పోకముందే దవాఖానాల పడాలె. జర నువ్వు నిమ్మళం చెయ్యి. దీనికి భయం దిగితెనే పని, గిట్ల తన్నుకుంటే అక్కడ గూడ సూది వెయ్యనియ్యదు." అంటూనే ఒక కన్ను టీవీ మీద వేసింది, ఎందుకంటే అప్పటికే పాట మొదలైంది, హాలంతా గప్‌చుప్ అయింది, పిల్ల కూడా చంకల్లోంచి చేతులు తీయకుండానే మెడ తిప్పి అటే చూస్తోంది.

తెర మీద తెల్ల లాల్చీ వేసుకున్న రచయిత. అట్టతో చేసిన చెట్టు కింద కూర్చుని కథ చెబుతున్నాడు. ఎదురుగా గడ్డం కింద చేతులు పెట్టుకుని తెల్లటి పిల్ల, చెవులకు లోలాకులు, ఊ అంటోంది, కళ్లు పెద్దవి చేసి మళ్లీ ఊ అంటోంది. అదే, అక్కడే, ఆదివారం ఆదివారం మనవరాలిని చూడడానికి వచ్చే జంపక్కకు మొదటి వారమే ఒళ్లు మండింది. "నేను చెప్పిన, ఆయన ఊ కొట్టిండు" అని ఆ రోజే అంది. పిల్లలు పడి పడి నవ్వారు. "అవ్వా, నువ్వు మల్లికవైతే నీ లోలాకులేవి?" "కోతి ఎత్కపోయింది." "మరి మల్లిక ఎర్రగుంటది గద, నువ్వేంది గింత నల్లగున్నవ్?" "ఎండల ఆరబెట్టిండ్రు తియ్." నవ్వుకు నవ్వు ఇచ్చింది గానీ ఆ మాట మాత్రం ఎవరూ తీసుకోలేదు. తెర మీది వాడు నోరు ఆడిస్తూనే ఉన్నాడు. కంబళి కప్పుకున్న మనిషి ఒకడు ఎలుగుబంటినంటూ గంతులేస్తున్నాడు. ఎలుగు అలా నడుస్తుందా? ఎలుగు ఇప్పచెట్టు కిందికి వచ్చేటప్పుడు ముందు వాసన వస్తుంది, తర్వాత ఆకుల చప్పుడు, ఆ తర్వాతే మనిషికి కాళ్లు గుర్తొస్తాయి.

ఇప్పపువ్వు రాలే రోజులవి. తెల్లవారకముందే బుట్ట చంకన పెట్టుకుని వెళ్తే నేలంతా పాలచుక్కల్లా, తియ్యగా, తల తిరిగే వాసన. పొద్దెక్కి పువ్వు వేడెక్కితే వాసన పుల్లబడుతుంది. జంపి, అప్పటికి ఇంకా అక్క కాలేదు, ఉత్త జంపి, పాదంలో ముల్లు దిగి కూలబడింది. నాయనమ్మ బొజ్జమ్మ పిల్ల కాలును తన మోకాలి మీద పెట్టుకుని, ఇంకో ముల్లు విరిచి చేతిలో పట్టుకుని, కథ ఎత్తుకుంది. ముల్లు తీసే కథ వేరుగా ఉండేది వాళ్ల అడవి పల్లెలో, గుంపు అంటారు దాన్ని. ఒక ఎలుగు ఉండె. పుట్ట తవ్వుతుంటే దాని గోరు ఒకటి ఊడిపాయె. ఊ. గోరు కోసం అడివంతా తిరిగె. ఊ. ముళ్లపంది కనబడితే నీ వేలు చూపెట్టు, నా గోరు నీకాడ ఉందేమో అనె. ఊ. ప్రతి మాటకూ ఊ కొట్టాలి. కొట్టకపోతే ముసలిది ఆపేసేది, పట్టుకున్న ముల్లును అలాగే ఉంచి కూర్చునేది. ఊ అన్నప్పుడు పిల్ల ఊపిరి వదులుతుంది, ఒళ్లు వదులవుతుంది, ఆ వదిలిన చోట ముల్లు బయటికొస్తుంది. నొప్పి తర్వాత ఎప్పుడో తెలుస్తుంది, తెలిసేసరికి ముల్లు ముసలిదాని అరచేతిలో ఉంటుంది. ఆ కథకు చివర లేదు. ముల్లు వచ్చేస్తే కథ ఆగుతుంది, అంతే. ఎలుగు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, రేపు ఇంకొకరి కాలికి ముల్లు దిగకపోదు కదా.

ఆ పూటే, ఆ కథ మధ్యలోనే, వాగు దాటి సైకిలు భుజాన పెట్టుకుని వచ్చాడు మలేరియా సారు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, ఖాకీ సంచి, అందులో స్పిరిట్ సీసా, పల్చటి గాజుపలకలు. పేరు ఉదయ్ భాస్కర్ అని తర్వాత తెలిసింది, పుస్తకంలోంచి ఎవరో చదివి చెప్పాకే తెలిసింది, గుంపులో అందరికీ ఆయన రక్తం సారే. ఆయన సైకిల్ గంట వినబడితే చాలు, పిల్లలు పోడు చేలల్లోకి, మంచెల మీదికి, తల్లులు కూడా వాళ్ల వెనకే. వేలు గుచ్చి తీసిన రక్తాన్ని గాజు మీద పూసి పట్నంలో అమ్ముకుంటాడని దూలయ్య చెప్పేవాడు, ఆ దూలయ్య అప్పుడు మీసం కూడా రాని పోరడు, అన్నీ తెలిసినట్టు చెప్పేవాడు, ఇప్పటికీ అంతే. ఆ రోజు జంపి పారిపోలేకపోయింది, కాలు నాయనమ్మ మోకాలి మీద ఉంది మరి. సారు అలా నిలబడి చూశాడు. కథ విన్నాడు. ముల్లు రావడం చూశాడు. చూసి, ఆ తడి ప్యాంటుతోనే నేల మీద కూర్చున్నాడు, ఊ అన్నాడు. బొజ్జమ్మ ఆయన వంక చూసి, "నీకేం ముల్లు దిగలేదు గద దొరా, నువ్వెందుకు ఊ కొడ్తున్నవ్?" అంది. ఆయన నవ్వాడు. పన్ను మీద పన్ను ఉండేది ఆయనకు, నవ్వితే చిన్నపిల్లాడిలా ఉండేవాడు. టీవీలో వాడికి పళ్లన్నీ వరసగా ఉన్నాయి.

ఆ తర్వాత ఇక చెప్పాలా. ఎలుగు గోరు కథ జంపి చెప్పేది, సారు ఊ కొట్టేవాడు, ఆయనను చూసి పిల్లలూ ఊ కొట్టేవాళ్లు, నీ వేలు చూపెట్టు అని ఎలుగు అడగ్గానే ఒక్కొక్కరు వేలు చాపేవాళ్లు, ఊ అనే ఊపిరిలో సారు చిటుక్కున గుచ్చేవాడు, ఎర్రటి బొట్టు గాజు మీదికి. ఎవరూ ఏడవలేదు. గుంపు గుంపంతా అలా వేళ్లిచ్చింది. జ్వరం ఉన్నవాళ్లకు చేదు మాత్రలు వచ్చాయి, మింగించడానికి మళ్లీ కథ. జంపికీ ఒక వానాకాలం జ్వరం వచ్చింది, పళ్లు టకటక కొట్టుకునే జ్వరం, అప్పుడు కథ చెప్పేవాళ్లు లేక సారే చెప్పబోయాడు, అంతా తప్పులు, ముళ్లపందికి బదులు పందికొక్కు అన్నాడు, జంపి ఆ వణుకులోనే నవ్వి సరిదిద్దింది, ఊ కొట్టింది, వేలిచ్చింది, మాత్ర మింగింది, వారం తిరక్కుండా వాగులో చేపలు పట్టింది. జరిగింది అది. బతికింది. బతికించింది ఆయనే, ఆ మాట కూడా చెప్పాలి, కోపంలో మింగేస్తే పాపం. మళ్లీ జన్మలో అలా ఊ కొట్టినవాడు కనబడలేదు. మొగుడు ఊ కొట్టేవాడు, నిద్రలో. ఆయన ఊ అలాంటిది కాదు. ఆ ఊ వింటే, లేని ముళ్లపంది కూడా పొదలోంచి బయటికి వచ్చేది.

బదిలీ అయింది. సైకిలు అమ్మేసి లారీలో పోయాడు. ఆ కథను పుస్తకంగా రాస్తున్నానని, అచ్చయితే తెస్తానని అన్నాడు. ఆయన తేలేదు, బడి తెచ్చింది, జంపక్క కూతురు చదువుకునే కాలానికి పాఠం అయి వచ్చింది. చేటలో ఇప్పపువ్వు చెరుగుతుంటే కూతురు పక్కన కూర్చుని గట్టిగా చదివింది. ఎలుగు ఉంది, ముళ్లపంది ఉంది, మల్లిక అనే పిల్ల ఉంది, ముల్లు లేదు, సూది లేదు, బొజ్జమ్మ లేదు. చెప్పేది సారు, ఊ కొట్టేది మల్లిక. చివరి పేజీలో మల్లిక జ్వరంతో చచ్చిపోయింది, ఎలుగు వచ్చి ఆమె మీద పూలు వేసింది. జంపక్క ముందు నవ్వింది. "ఏం జ్వరమట?" అంది. తర్వాత చేట కింద పెట్టి, ఆ చివరి పేజీ మళ్లీ చదివించుకుంది. ఆమెకు అప్పుడే అర్థమైంది ఒక సంగతి, చదువు రానిదానికి అర్థమైంది. చివర లేని కథ అచ్చుకు పనికిరాదు. పుస్తకానికి వెనక అట్ట ఉంటుంది కదా, ఆ అట్ట వేయాలంటే ఎవరో ఒకరు చావాలి. పిల్ల చచ్చిందంటే చదివేవాళ్లు కళ్లు తుడుచుకుంటారు, రాసినవాడికి శాలువాలు కప్పుతారు. ముల్లు వచ్చేసింది, పిల్ల లేచి నడిచింది అంటే ఎవరు కప్పుతారు?

శాలువా కప్పడం చూసింది కూడా. ఖమ్మంలో సారుకు సభ అని పేపర్లో ఫోటో వేస్తే, దూలయ్యను వెంటబెట్టుకుని బస్సెక్కింది. వెనక వరసలో నిలబడింది. వేదిక మీద ముసలాయన, మందపాటి అద్దాలు, పన్ను మీద పన్ను అలాగే ఉంది. పిల్లలకో కథ చెప్పండి అని ఎవరో అడిగారు. ఆయన మైకు పట్టుకుని, ఒక ఎలుగు ఉండేది, అన్నాడు. పుట్ట తవ్వుతుంటే దాని గోరు ఊడిపోయింది, అన్నాడు. హాలంతా మర్యాదగా కూర్చుని ఉంది. ఒక్కరూ ఊ కొట్టలేదు. చదువుకున్నవాళ్లు చప్పట్లు కొడతారు, ఊ కొట్టరు. జంపక్కకు తెలియకుండానే గొంతులోంచి వచ్చేసింది. ఊ. సారు ఆగిపోయాడు. అద్దాలు సరిచేసుకుని జనం తలల మీదుగా వెనక్కి చూశాడు, మెడ ఇటూ అటూ తిప్పి వెతికాడు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, "ఏంది పెద్దమ్మా, డిస్టర్బ్ చేస్తున్నవ్, బయటికి నడువు" అన్నాడు. మళ్లీ అందామంటే దూలయ్య చెయ్యి పట్టి లాగాడు, బస్సు పోతుందని. మెట్లు దిగుతుంటే లోపల్నుంచి ఏమీ వినబడలేదు. ఆయన కథ ముందుకు పోయిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ ఏడాదే సారు కన్నుమూశాడు. ఆమెను చూశాడా? ఊ విన్నాడు. అది చాలునేమో. చాలదు. ఇంకొక్కసారి అని ఉండాల్సింది, చెయ్యి విదిలించుకుని ఉండాల్సింది.

"అవ్వా, నీళ్లు." పిల్ల పెదవులు ఎండిపోయాయి. చెంబు పట్టించింది. పిల్ల తాగుతూ కూడా చేతులు బయటికి తీయలేదు. తెర మీద మల్లిక మంచం మీద ఉంది, వాన పడుతోంది, రచయిత ఆమె వేలు పట్టుకుని పుస్తకంలో లేని సూది గుచ్చుతున్నాడు, కిందటి వారం చూపించిందే మళ్లీ చూపిస్తున్నారు, రక్తం బొట్టు తెర నిండా. హాల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగారు. ఒళ్లో పిల్ల బిగుసుకుంది. నాగలత గోడ గడియారం వంక చూసింది. వాన చప్పుడు, వేణువు, ఏడుపు పాట. మల్లిక కళ్లు మూసుకుంది. అయిపోయింది. చంపేశారు. ప్రమీలారాణి మేడం కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఆ వెంటనే తెర మీద ఒక రాయి వచ్చింది. నిలువుగా పాతిన రాయి, బంతిపూల దండ, రచయిత మోకాళ్ల మీద. జంపక్క ముందుకు వంగింది. ఆ రాయిని ఆమె ఎరుగును. ఆ చీలికను, ఆ చీలిక పక్కన తుమికి చెట్టును. పోయిన ఎండాకాలం జీపుల్లో వచ్చారు టీవీవాళ్లు, ఒక పూట ఉన్నారు, గుడిసెలను కెమెరాలో తీసుకున్నారు, మేకలను తీసుకున్నారు, జంపక్క వాకిట్లో నిలబడితే, "అమ్మా, ఫ్రేములోంచి జరుగు" అన్నారు, జరిగింది. తర్వాత దూలయ్యను పట్టుకుని, కథల పిల్ల సమాధి ఎక్కడ అని అడిగారు. దూలయ్య తల గోక్కున్నాడు. మల్లిక ఎవరో వాడికి తెలియదు. కథలు చెప్పి చచ్చిపోయిన ఆడమనిషి గుంపు మొత్తం మీద ఒక్కతే. చచ్చినవాళ్లకు రాయి నిలబెడతారు కదా, తీసుకెళ్లి బొజ్జమ్మ రాయి చూపించాడు. సాయంత్రం వచ్చి గొప్పగా చెప్పాడు, "మీ నాయినమ్మకు హైదరాబాద్ నుంచి దండ వచ్చిందే జంపీ, ఏమనుకుంటున్నవ్." ఆ రోజు తిట్టింది వాడిని. ఇప్పుడు తెర మీద ఆ రాయిని, పైన వేలాడుతున్న దండను చూస్తే ఆ తిట్లు వెనక్కి తీసుకోవాలనిపించింది. తప్పు వెళ్లి సరైన చోటే పడింది. కథ ఎవరిదో వాళ్లకే తెలియకుండా వాళ్లే దండ వేసి వెళ్లారు. దండ కింద ఉన్నది ముల్లు తీసిన చెయ్యి.

"అవ్వా, అయిపాయె గద. ఇగ నేను గూడ పోతనా?"

ముల్లు తీసిన చెయ్యి. జంపక్క లేచి నిలబడలేదు, పిల్ల ఒళ్లో ఉంది, కూర్చున్న చోటి నుంచే అరిచింది. "మేడమ్మా, ఆ టీవీ ఆపున్రి."

"సబ్బు అడ్వర్టైజ్‌మెంటేలే జంపక్కా, తర్వాత నటీనటుల పేర్లేస్తారు..."

"నా పేరు వెయ్యరు గాని, ఆపున్రి."

ఆగింది. హాల్లో అందరూ ఆమె వంకే చూశారు, నల్లబడిన తెర వంక చూసినట్టే చూశారు. జంపక్క పిల్ల తలను భుజానికి ఆనించుకుంది. "ఒక ఎలుగు ఉండె" అంది.

ఎవరూ పలకలేదు. టీవీకి ఊ కొట్టే పని లేదు కదా, అలవాటు తప్పారు. బొజ్జమ్మ ఆపినట్టే ఆపింది జంపక్క. భుజం మీద పిల్ల ఊపిరి ఒక్కటే, వేడిగా, తడబడుతూ. "ఊ కొట్టకుంటే ఎలుగు కదలదు. కొట్టున్రే. మీకు ఊ కొట్ట రాదా?"

ఎక్కడో వెనక నుంచి ఒక బుడ్డది సిగ్గుపడుతూ అంది. ఊ. పక్కది నవ్వింది, అది కూడా అంది. పుట్ట తవ్వుతుంటే దాని గోరు ఊడిపాయె. ఊ. అడివంతా తిరిగె. ఊ, ఈసారి హాలు సగం. ముళ్లపంది కనబడె. ఊ. ఒంటి నిండా పొలుసుల అలుగు కనబడె. ఊ, నాగలత కూడా, సూది చేతిలోనే పెట్టుకుని, మోకాళ్ల మీద దగ్గరికి జరుగుతూ. హాస్టల్ల మల్లిక అనే పోరి కనబడె. "ఏయ్ పోరీ, నీ వేలు చూపెట్టు, నా గోరు నీకాడ ఉందేమో" అనె. అడుగుతూ జంపక్క తన వేలు చాపింది. పిల్ల ఆ వేలును చూసింది, అమ్మమ్మ ముఖం చూసింది. చంకలోంచి ఒక చెయ్యి మెల్లగా బయటికి వచ్చింది. "నాకాడ లేదు" అంది ఎలుగుతో. "చూడనియ్యి మరి." హాలంతా ఒక్క గొంతుతో అంది, పిల్ల కూడా అంది, ఊ, ఊపిరి వదిలింది, అప్పటికే ఎర్రటి బొట్టు గాజు మీద ఉంది.

"అయిపాయెనా?" అంది పిల్ల తన వేలు చూసుకుంటూ.

"నీది అయిపోయింది. ఎలుగుది అయిపోలె" అంది జంపక్క. నాగలత అప్పటికే పలక చుట్టి సంచిలో పెట్టింది. "నడువున్రి జల్దీ, బస్సుకు అందుదాం" అంటోంది. జంపక్క పిల్లను భుజాన వేసుకుని గడప దాటింది. వెనక హాల్లో పిల్లలు, చెప్పేవాళ్లు లేకపోయినా, ఇంకా ఊ కొడుతూనే ఉన్నారు.

ఇక మీ సంగతి. టీవీవాళ్లారా, పుస్తకాలవాళ్లారా, మల్లిక ఎందుకు చచ్చిపోయెనో అయిదు వాక్యాల్లో రాయమని పరీక్షలో అడిగేవాళ్లారా. వచ్చే ఆదివారం, అదే వేళకు, ఆ పిల్లను లేపండి. ఎలా లేపుతారో ఆ తంటా మీరు పడండి, చంపేటప్పుడు మమ్మల్ని అడగలేదుగా. వేలిచ్చిన పిల్ల బతుకుతుందని చూపించండి, మీ భయానికి ఇక్కడ పిల్లలు చేతులు దాచుకుంటున్నారు. రాయి బొజ్జమ్మదని చెప్పండి. కథ చెప్పింది జంపి, ఊ కొట్టింది సారు అని తిరగరాయండి, సారుకు అందులో చిన్నతనం ఏమీ లేదు, ఆయన చేసిన గొప్ప పని అదే. వెనక అట్ట పీకేయండి. ఆ తర్వాత జీపులెక్కి రండి, కెమెరాలు లేకుండా రండి, వాగు దగ్గర ప్యాంట్లు మోకాళ్ల దాకా మడవండి, వచ్చి నేల మీద కూర్చోండి. ఆమె చెబుతుంది. మీరు నోరు మూసుకుని ఊ కొట్టండి.